రిజిస్టరులో 'ఊళ్లో లేడు' అని రాసిన ఇల్లు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో న్యాయ సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో మనం లెక్కలు చెప్పుకుంటాం. ఎన్ని రమజాన్ కిట్లు పంచాం, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎంతమంది వితంతువులకు నెలనెలా సాయం అందించాం అని. ఆ లెక్కలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. మమ్మల్ని న్యాయ సహాయం గురించి మాట్లాడమన్నారు కాబట్టి, మన లెక్కల పుస్తకంలోనే ఉన్న ఒక పొరపాటుతో మొదలుపెడతాం.

కిట్లు పంచే రిజిస్టరులో 'ఇంటి యజమాని చేసే పని' అని ఒక గడి ఉంది. ఒక ఇంటికి ఎదురుగా ఆ గడిలో మూడు రమజాన్‌లు వరసగా 'ఊళ్లో లేడు' అని రాసి ఉంది. ఆ ఇల్లాలు అలా చెప్పింది, మేము అలా రాసుకున్నాం. అతను ఎక్కడున్నాడో మాలో కొందరికి తెలుసు. అడిగితే ఆమె నొచ్చుకుంటుందని ఊరుకున్నామని మాకు మేము సర్దిచెప్పుకున్నాం. నిజం చెప్పాలంటే, అడిగితే మన మీదికి ఏమొస్తుందోనన్న భయం కూడా ఉంది. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చేశాం.

అతను ఒక ఇంట్లో జరిగిన దొంగతనం కేసులో జైలుకు వెళ్లాడు. కోర్టు జామీను ఇచ్చింది. కానీ ఇంటి పన్ను రశీదు ఉన్న ఇద్దరు పూచీదార్లు కావాలన్నారు. ఇద్దరు దొరకలేదు. జామీను కాగితం చేతికి వచ్చాక కూడా లోపలే ఉండిపోయాడు. విచారణలో మధ్యవర్తులుగా సంతకాలు చేసినవాళ్లు, తమ చేత తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించారని చెప్పారు. కోర్టు నిర్దోషి అని తీర్పిచ్చింది.

బయటికి వచ్చిన వారానికి అతను మన ఆఫీసుకు వచ్చాడు. సాయం అడగడానికి కాదు. "భాయ్, ఫలానా తేదీ సాయంత్రం దొంగసొత్తుతో నన్ను ఊరి చివర పట్టుకున్నామని రాశారు. ఆ రోజు అసర్ నుంచి ఇషా దాకా నేను మీ గోదాములో బస్తాలు దించాను కదా. ఆ సంగతి మీ దగ్గర ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగాడు.

వెతికాం. లారీ వచ్చిన తేదీ ఉంది, బస్తాల లెక్క ఉంది, కిరాయి రశీదు ఉంది. బస్తాలు దించిన వాలంటీర్ల పేర్లు లేవు. అతనితో పాటు పనిచేసిన మరో అయిదుగురు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. వాళ్లు అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లలేదు. ఎవరూ పిలవలేదన్నారు. పిలవాల్సింది మేమే.

"కేసు కొట్టేశారు కదా, ఇప్పుడు ఆ కాగితం ఎందుకు?" అని మాలో ఒకరం అడిగాం. "మా అమ్మాయికి చూపించాలి. బళ్లో దాన్ని జైలోడి కూతురంటున్నారు" అన్నాడు.

ఈ సంగతి అతని అనుమతితోనే చెబుతున్నాం. పేరు, వీధి, కేసు వివరాలు చెప్పం. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోవడమే ఈరోజు మేము మాట్లాడబోయే విషయం. అన్నం పెట్టడం మనకు అలవాటైన సేవ. రాసిపెట్టుకోవడం కూడా సేవేనని, దాన్ని ఇక మన సంఘం చేపట్టాలని మీ ముందు ప్రతిపాదిస్తున్నాం.

సోదరులారా, ఇది కొత్తగా ఎక్కడినుంచో తెచ్చిన మాట కాదు. నిరుపేదకు, అనాథకు పెట్టినట్టే ఖైదీకీ అన్నం పెట్టేవారిని దివ్య ఖుర్ఆన్ అద్దహ్ర్ సూరాలో మెచ్చుకుంటుంది. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని అల్ బఖరా సూరాలో ఉన్న ఆదేశం ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్. డబ్బు విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, మనిషి పరువు విషయంలో నోటిమాట చాలంటుందా?

యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం మనందరికీ తెలుసు. చేయని నేరానికి జైలుకు వెళ్లిన దైవప్రవక్త ఆయన. అందులో రెండు ఘట్టాలను మరోసారి గుర్తు చేసుకుందాం. మొదటిది చొక్కా. నింద వేసిన ఇంటి మనిషే ఒకరు, చొక్కా ముందు చిరిగిందా వెనక చిరిగిందా చూడమన్నారు. వెనక చిరిగింది. అంటే నిజం తేల్చే గుర్తు మొదటిరోజే అందరి కళ్లముందూ ఉంది. అయినా ఆయన జైలుకు వెళ్లారు, కొన్నేళ్లు అక్కడే ఉన్నారు. రెండోది విడుదల. కలకు అర్థం చెప్పాక రాజు కబురు పంపితే ఆయన వెంటనే బయలుదేరలేదు. ముందు ఆ స్త్రీల సంగతి ఏమిటో విచారించమని కబురు తెచ్చినవాణ్ణి వెనక్కి పంపారు. విచారణ జరిగి, నింద వేసిన మనిషే నిజం ఒప్పుకుంది.

తలుపు తెరుచుకున్నా, నింద తొలగాకే బయటికి రావాలనుకున్నారు ఆయన. మన ఆఫీసుకు వచ్చిన ఆ తండ్రి అడిగింది కూడా అదే.

మన రాజధానిలోనే జరిగిన సంగతి చూద్దాం. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు సమయంలో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడు ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 40 మందికి పైగా మరణించారు. ఆ రోజుల్లో పాతబస్తీ నుంచి చాలామంది యువకులను తీసుకువెళ్లారు. కొందరిని ఎక్కడ ఉంచారో ఇంటివాళ్లకు రోజుల తరబడి తెలియలేదు. ఆ తర్వాత కేసులు, జైలు.

అప్పుడు రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని కమిషనరుగా నియమించింది. ఆయన ఎల్.రవిచందర్. ముస్లిం కాదు. జైల్లో యువకులను కలిసి, వాళ్లు చెప్పింది రాసుకుని, ఒంటిమీది గుర్తులు చూసి, అక్రమ నిర్బంధం, చిత్రహింసలు జరిగాయని నివేదిక ఇచ్చారు. పౌరహక్కుల సంఘాలు కూడా ఇల్లిల్లూ తిరిగి వాంగ్మూలాలు సేకరించాయి. తర్వాత కోర్టులు ఆ యువకులను నిర్దోషులుగా విడిచిపెట్టాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మీద రాష్ట్ర ప్రభుత్వం, కేసులు ఎదుర్కొని నిర్దోషులుగా తేలినవారికి 3 లక్షల రూపాయల చొప్పున, పట్టుకెళ్లి వదిలేసినవారికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. రాసిపెట్టిన కాగితానికి ఉన్న బలం అది.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారం ఇవ్వడానికి చట్టంలో ఆధారం లేదన్నది. ఇటు దర్యాప్తు ఒక సంస్థ చేతి నుంచి మరో సంస్థ చేతికి వెళ్లి, వేరే వర్గానికి చెందినవారిని నిందితులుగా చూపింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులని వదిలింది. అంటే మసీదులో ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలకు, తమవాళ్లను చంపినవారు వీళ్లేనని తేల్చిన తీర్పు ఒక్కటీ దక్కలేదు. మొదటి నెలల్లో తప్పుడు దారిలో నడిచిన దర్యాప్తు అమాయకుల యౌవనాన్ని తినేసింది, మృతుల కుటుంబాలకు రావాల్సిన న్యాయాన్నీ దూరం చేసింది. ఈ రెండు నష్టాలను వేరువేరుగా చూడకూడదు.

రెండో ఉదాహరణ కృష్ణా తీరంలోది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టలులో తెనాలికి చెందిన ముస్లిం విద్యార్థిని దారుణ హత్యకు గురైంది. ఆ బిడ్డ పేరు మీ అందరికీ తెలుసు. గౌరవంతో ఇక్కడ పలకడం లేదు. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి నిందితుడిగా చూపారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని ప్రకటించి, లక్ష రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలి ఖబరస్తానులో సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. ఆ తల్లిదండ్రులు ఆ దుఃఖాన్ని రెండుసార్లు అనుభవించారు.

ఈ కేసులో మనం తలవంచి నేర్చుకోవాల్సింది ఆ తల్లిదండ్రుల దగ్గర. బిడ్డను పోగొట్టుకున్న కోపంలో, ఎవరో ఒకరికి శిక్ష పడింది కదా అని వాళ్లు తృప్తి పడలేదు. 'ఇతను కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారు' అని శిక్ష పడ్డవాడి తరఫున కూడా బహిరంగంగా మాట్లాడారు. మీ మీదికి వచ్చినా, మీ తల్లిదండ్రుల మీదికి వచ్చినా న్యాయం మీదే నిలబడండి అని అన్నిసా సూరా చెప్పిన మాటను ఆచరించి చూపిన ఇల్లు అది. అందుకే మేము చేపట్టే ఈ పని ముస్లింల కోసం మాత్రమే అనుకోవద్దు. ఆ యువకుడు మన ఇంటివాడు కాదు. అతని జైలు రోజులు కూడా మన రిజిస్టరులో ఎక్కాల్సినవే.

ఇలా రాసిపెట్టే పనిని దేశంలో ఇప్పటికే చేసి చూపినవారున్నారు. ఢిల్లీలో జామియా విశ్వవిద్యాలయం ఉపాధ్యాయులు 2008లో బాట్లా హౌస్ ఘటన తర్వాత ఒక బృందంగా ఏర్పడ్డారు. పోలీసు ప్రత్యేక విభాగం అరెస్టు చేయగా కోర్టుల్లో నిర్దోషులుగా తేలినవారి కేసులు 16 తీసుకుని, తీర్పు కాగితాలే ఆధారంగా 2012లో ఒక నివేదిక ప్రచురించారు. ఎక్కడా ఊహ లేదు, నినాదం లేదు. ఏ సాక్షి ఏమన్నాడు, న్యాయమూర్తి ఎందుకు నమ్మలేదు అన్నది వరసగా రాశారు. 2016 అక్టోబరు 2న ఢిల్లీలో విశ్రాంత న్యాయమూర్తి ఎ.పి.షా ఆధ్వర్యంలో ప్రజా విచారణ జరిగింది. నిర్దోషులుగా బయటికి వచ్చినవారే అక్కడ నిలబడి తమ అనుభవం చెప్పుకున్నారు.

ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ పరిశోధకులు, ఆ రాష్ట్ర మైనారిటీల కమిషన్ కోరిక మీద, మహారాష్ట్ర జైళ్లలోని ముస్లిం ఖైదీలతో మాట్లాడి వాళ్ల బతుకుతెరువు, చదువు, విడుదలయ్యాక కావలసిన సాయం గురించి అధ్యయనం చేశారు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం కోసం, మరణశిక్ష పడిన 385 మందిలో 373 మందితో మాట్లాడారు. ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా బలహీనులని తేలింది. వకీలుకు ఫీజు ఇవ్వలేని ఇంటినే ఉరితాడు ఎక్కువగా వెతుక్కుంటున్నదన్న మాట.

ఇక దేశం మొత్తం లెక్క. 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివారు. 2011 జనగణన ప్రకారం జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2015 జైలు లెక్కల్లో విచారణ ఖైదీలలో ముస్లింలు సుమారు 21 శాతం, శిక్ష పడినవారిలో సుమారు 16 శాతం. ఈ తేడాకు కారణాలు చాలా ఉండవచ్చు. పేదరికం ఉంది, జామీను దొరకకపోవడం ఉంది. ఏ కారణం ఎంతో తెలియాలంటే జిల్లా జిల్లాకూ, ఇల్లిల్లూ తిరిగి రాసిన వివరాలు కావాలి.

2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించాయి. ముస్లింలు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారన్న మాటతో వారిలో సుమారు సగం మంది ఎంతో కొంత ఏకీభవించారు. వినడానికి బాధగా ఉంటుంది. కానీ అదే నివేదికలో మరో సంగతి ఉంది. పోలీసు సిబ్బంది రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారు. నిద్రలేని మనిషి, పైనుంచి ఒత్తిడి, ముందే మనసులో నాటుకున్న అనుమానం, ఎదురుగా అడిగేవాళ్లు లేని పేదవాడు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే తప్పుడు కేసు పుట్టడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు. మన కోపాన్ని ఎవరో ఒక కానిస్టేబులు మీద చూపడం వల్ల ప్రయోజనం లేదు. నాలుగో కారణం ఒక్కటే మన చేతిలో ఉంది. అడిగేవాళ్లు లేరన్న స్థితిని మార్చగలం.

బయటికి వచ్చాక ఏముంటుందో కూడా తెలుసుకుందాం. 1968లోనే నిర్దోషి అని తీర్పు వచ్చినా బీహారు జైల్లో 1982 దాకా ఉండిపోయిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు మొత్తం 35 వేల రూపాయలు ఇప్పించింది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 1994 నాటి తప్పుడు అరెస్టుకు 2018లో 50 లక్షలు ఇవ్వమన్నది. గుజరాత్ అక్షర్‌ధామ్ దాడి కేసులో మరణశిక్ష పడినవారితో సహా ఆరుగురిని 2014 మే 16న అదే సుప్రీంకోర్టు నిర్దోషులని విడుదల చేసింది. కానీ వాళ్లు పరిహారం అడిగితే 2016లో ఒప్పుకోలేదు. ఒకరికి దొరుకుతుంది, ఒకరికి దొరకదు. 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో, తప్పుడు కేసుల బాధితుల పరిహారం కోసం ప్రత్యేక కోర్టులు ఉండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు. చట్టం రావాలని అడగాలన్నా, మా ఊళ్లో ఇన్ని ఇళ్లు ఇలా నష్టపోయాయని చూపే కాగితం చేతిలో ఉండాలి.

ఇప్పుడు మన పని. పరిశోధన అనగానే పెద్ద పెద్ద చదువులు కావాలేమోనని జంకవద్దు. ఒక నోటుపుస్తకం, ఓపికగా వినే ఇద్దరు మనుషులు, నోరు కట్టుకోగల నిబ్బరం ఉంటే మొదలుపెట్టవచ్చు.

రాయాల్సింది ఇది. మనిషిని ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడినుంచి తీసుకువెళ్లారు, చూసినవారెవరు. అరెస్టు పత్రం ఇచ్చారా, దాని మీద ఎవరు సంతకం చేశారు. ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారా. డాక్టరు పరీక్ష జరిగిందా, ఒంటిమీద గాయాలున్నాయా. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, వకీలు పేరు, ప్రతి వాయిదా తేదీ, ఆ వాయిదాకు ఏం జరిగింది. ములాఖత్‌కు వెళ్లిన రోజులు, అయిన ఖర్చు, పోయిన కూలి, బడి మానేసిన పిల్లలు. విడుదల తేదీ. ఆ తర్వాత దొరికిన పని, దొరకని పని.

ఇందులో చట్టం మనకు ఇచ్చిన చోటు ఒకటుంది. 1996 నాటి డి.కె.బసు తీర్పు చెప్పినదాన్నే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా చెబుతోంది. అరెస్టు పత్రం మీద కుటుంబ సభ్యుడుగానీ, ఆ ప్రాంతంలోని గౌరవనీయ వ్యక్తిగానీ సాక్షిగా సంతకం చేయాలి. ఆ గౌరవనీయ వ్యక్తి ఎవరు? మన మసీదు కమిటీ పెద్ద కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు, ఈ వేదిక మీద కూర్చున్న మనం కావచ్చు. అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే లేచి చొక్కా వేసుకుని స్టేషనుకు వెళ్లి, మర్యాదగా మాట్లాడి, టైము చూసి సంతకం పెట్టి రావడానికి ప్రతి వీధికీ ఇద్దరు పెద్దలు కావాలి. వెళ్లడం పోలీసుల పనికి అడ్డుపడటం కాదు. నిబంధన ప్రకారం పనిచేసే అధికారికి అది సాయమే.

అదే చట్టంలోని 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో ఉన్న విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావారు సగం కాలం గడిపితే జామీనుకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. జామీను వచ్చి వారమైనా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టలేని పేద ఖైదీలకు 2023 నుంచి కేంద్ర పథకం ఉంది. 2023లో మొదలైనప్పుడు జామీనుకు 40 వేల వరకు, జరిమానాకు 25 వేల వరకు సాయం అన్నారు. ఉచిత వకీలు కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మన రిజిస్టరులో అరెస్టు తేదీ రాసి ఉంటే, మూడో వంతు ఎప్పుడు పూర్తవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తేదీ లేకపోతే మనిషి లోపలే మరుగున పడతాడు.

మరో చిన్న సంగతి. మన ఇళ్లలో చాలామంది పెద్దలకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగు కోర్టు కాగితంలో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. ఒకే మాట రెండు భాషల్లో తలకిందులైంది. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేసే తల్లి పక్కన కూర్చుని, ఆ కాగితాన్ని ఆమె భాషలో చదివి వినిపించే మనిషి ఉండాలి. డిగ్రీ చదువుతున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఈ పనికి సరిగ్గా సరిపోతారు.

ఈ పనిలో కొన్ని నియమాలు మనం గట్టిగా పాటించాలి. మొదటిది, కుటుంబం ఒప్పుకుంటేనే రాయాలి. వద్దంటే కిట్టు ఇచ్చి సలాం చెప్పి రావాలి. వివరాలు చెప్పకపోతే సాయం ఆగుతుందన్న అనుమానం ఆ ఇంటికి కలగకూడదు. రెండోది, ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి. మూడోది, రాసినదాని నకలు ఆ ఇంటికే ముందు ఇవ్వాలి. ఆ కథ వాళ్లది, మన దగ్గర అది అమానత్. వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫోటో పెట్టినా ఆ అమానత్‌లో ఖియానత్ చేసినట్టే. నాలుగోది, మనకు నచ్చనిది కూడా రాయాలి. లోపలున్న ప్రతివాడూ అమాయకుడని మేము అనడం లేదు. నేరం చేసినవారు ఉంటారు, వాళ్ల చేతిలో నష్టపోయినవారూ మన వీధిలోనే ఉంటారు. తప్పు చేసినవాణ్ణి దాచడానికి ఈ పుస్తకాన్ని వాడితే, రేపు నిర్దోషి కోసం చూపినప్పుడు దాన్ని ఎవరూ నమ్మరు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పనీయకూడదని అల్ మాయిదా సూరా హెచ్చరించింది. ప్రేమ విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరమే.

జకాత్ సొమ్మును ఖైదీల కోసం, వాళ్ల అప్పుల కోసం వాడవచ్చా అని కొందరు అడిగారు. అది ఉలమాలు చెప్పాల్సిన మాట. వేదిక మీద ఉన్న పెద్దలనే అడిగి తెలుసుకుందాం. వాళ్లు చెప్పేదాకా ఈ పనికి సదకా, విరాళాలు మాత్రమే వాడుదాం. నిజానికి దీనికి డబ్బు తక్కువే కావాలి. పూచీకి నిలబడే ఇంటి పన్ను రశీదులు, కోర్టుకు వెళ్లి నిలబడే కాళ్లు ఎక్కువ కావాలి.

అప్పుడు బస్తాలు దించిన ఆ అయిదుగురి సంగతి చెప్పి ముగిస్తాం. మేము వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాం. ఆ రోజు అతను తమతో ఉన్నాడని అయిదుగురూ రాసి సంతకాలు చేశారు. మా తరఫున కూడా ఒక కాగితం రాశాం. 'మీరు మా గోదాములో పనిచేశారని మాకు తెలిసి కూడా సమయానికి చెప్పలేకపోయాం, అది మా తప్పు' అని అందులో ఉంది. కోర్టుకు ఇప్పుడు ఆ కాగితాలతో పని లేదు. అతను వాటిని తీర్పు నకలుతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బళ్లో హెడ్‌మాస్టరుకు చూపించాడట. తర్వాత ఆ అమ్మాయి తనే అడిగి ఆ కవరు తన పుస్తకాల సంచిలో పెట్టుకుందని వాళ్లమ్మ చెప్పింది.

వచ్చే రమజాన్ నుంచి మన రిజిస్టరులో 'ఊళ్లో లేడు' అనే మాట ఉండదు. ఆ గడి పక్కన మరో గడి పెట్టాం. కుటుంబం ఒప్పుకుంటే అందులో అరెస్టు తేదీ, తర్వాతి వాయిదా తేదీ ఉంటాయి. గోదాముకు వచ్చే ప్రతి వాలంటీరు పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము కూడా రాస్తాం. ఈ సభ అయ్యాక బయట బల్ల మీద ఒక ఖాళీ కాగితం ఉంటుంది. అర్ధరాత్రి పిలిస్తే వస్తామనే పెద్దలు, కాగితాలు చదివి చెప్పగల పిల్లలు, పూచీకి నిలబడగలవారు దాని మీద పేరు, ఫోను నంబరు రాసి వెళ్లండి.

నిర్దోషులుగా బంధనంలో ఉన్నవారికి అల్లాహ్ త్వరగా విముక్తి ప్రసాదించుగాక. నష్టపోయిన ప్రతి ఇంటికీ నిజం తెలియజేయుగాక. సాక్ష్యం చెప్పాల్సిన చోట మా నోళ్లు మూతపడకుండా చేయుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్‌దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.